పట్టుకోకపోయినా సరే, దాటనివ్వకు

వికెట్ కీపర్ అంటే మనలో తెలియనివాళ్ళు ఉండరు. ధోనీ పుణ్యమా అని, టీవీకి వీపు పెట్టి కూరలు తరుక్కునేవాళ్ళకి కూడా స్టంపింగ్ అంటే ఏమిటో తెలిసిపోయింది. మన గుంటూరు ఎమ్మెస్కే ప్రసాద్, విశాఖపట్నం కె.ఎస్. భరత్ ఇద్దరూ ఇండియాకి కీపింగ్ చేసినవాళ్ళే. కానీ బేస్‌బాల్‌లో క్యాచర్ అనేసరికి మనవాళ్ళు "అదేలే, కీపర్ లాంటి వాడు" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. కొంతవరకు నిజమే. బ్యాట్ పట్టుకున్నవాడి వెనకాల గొంతుక్కూర్చుని, వాడు కొట్టని బంతిని పట్టుకోవడం ఇద్దరి పనీ. తేడా ఎక్కడ మొదలవుతుందంటే, బేస్ మీద రన్నర్ వచ్చి నిలబడ్డప్పుడు. అప్పటిదాకా కూర్చున్నవాడు వేరు, ఆ తర్వాత కూర్చున్నవాడు వేరు. మావాడు క్యాచర్ కాబట్టి, వాళ్ళ జట్టు స్కోరు పుస్తకం రాసేది నేను కాబట్టి, ఈ రెండేళ్ళలో నాకు అర్థమైనంత చెప్తాను.

ఆట తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. మైదానానికి నాలుగు మూలలు. ఒక మూల హోమ్ ప్లేట్. బ్యాటర్ నిలబడేది అక్కడే. బంతి కొట్టి మొదటి బేస్, రెండో బేస్, మూడో బేస్ తాకుతూ తిరిగి హోమ్‌కి వస్తే ఒక పరుగు. దారిలో ఏదో ఒక బేస్ దగ్గర ఆగినవాడే రన్నర్. వాడు ఊరికే నిలబడడు. మనవాళ్ళు ఎప్పుడు ఏమరుపాటుగా ఉంటారా, ఎప్పుడు తర్వాతి బేస్‌కి పరిగెడదామా అని కనిపెట్టుకుని ఉంటాడు. బంతి ఎవరూ కొట్టకపోయినా పరిగెత్తొచ్చు. దానికి పేరే దొంగతనం, బేస్ స్టీలింగ్. మా అత్తయ్యకి ఈ మాట భలే నచ్చింది. "దొంగతనం అని పేరు పెట్టి మరీ ఆడుకుంటారా ఈ దేశంలో" అని ఒకటే నవ్వు.

మైదానంలో తొమ్మిది మంది ఉంటే, ఎనిమిది మంది హోమ్ ప్లేట్ వైపు చూస్తుంటారు. క్యాచర్ ఒక్కడే వాళ్ళ వైపు తిరిగి కూర్చుంటాడు. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, రన్నర్ ఎంత దూరం జరిగాడు, ఎన్ని అవుట్లు అయ్యాయి, అన్నీ కనిపించేది వాడికే. అందుకే అరిచి చెప్పే పని కూడా వాడిదే.

బేస్‌లన్నీ ఖాళీగా ఉన్నప్పుడు వాడి పని తేలిక. హాయిగా కిందికి కూర్చుంటాడు. మిట్ తొడుక్కున్న ఎడమ చెయ్యి ముందుకి చాపుతాడు. కుడి చెయ్యి వీపు వెనకో, కాలి మడమ వెనకో దాచుకుంటాడు. దాచుకోవడం ఎందుకంటే, బ్యాట్ అంచుకి తగిలిన బంతి దిశ మారి వచ్చి ఉత్త చేతి వేళ్ళ మీద పడితే ఎముకలు విరుగుతాయి. అరవై, డెబ్భై దశకాల్లో సిన్సినాటి జట్టు క్యాచర్ జానీ బెంచ్ ఇలా ఒంటిచేత్తో పట్టడాన్ని బాగా వాడుకలోకి తెచ్చిన వాళ్ళలో ఒకడు. అంతకుముందు రెండు చేతులూ పెట్టి పట్టేవాళ్ళు, పాత క్యాచర్ల వేళ్ళు వంకర్లు తిరిగి ఉండేవి.

బేస్ మీదకి రన్నర్ వచ్చాడంటే ఈ దాచుకోవడం కుదరదు. తుంటి పైకి లేస్తుంది, పాదాలు భుజాల కంటే ఎడంగా పడతాయి, బరువంతా పాదాల లోపలి అంచు మీదకి వస్తుంది. దాచుకున్న కుడి చెయ్యి మిట్ వెనక్కి వచ్చేస్తుంది. బంతి పడగానే తీసి విసరాలి కాబట్టి చెయ్యి దగ్గర్లోనే ఉండాలి. అంటే రన్నర్ లేనప్పుడు క్షేమంగా దాచుకున్న చేతిని, రన్నర్ వచ్చాక ప్రమాదం పక్కనే పెట్టుకుని కూర్చోవాలన్న మాట. ఆ చెయ్యి వదులుగా పిడికిలిలా ముడుచుకుని, బొటనవేలు లోపలికి మడిచి పెట్టుకోవాలి. ఈ బొటనవేలి సంగతి గుర్తుపెట్టుకోండి, మా ఇంట్లో గొడవంతా దాని వల్లే వచ్చింది.

పెద్ద లీగ్‌లో ఈమధ్య చాలామంది రన్నర్లు ఉన్నా సరే ఒక మోకాలు నేలకి ఆనించి కూర్చుంటున్నారు. టీవీలో చూసి మావాడు కూడా అలా కూర్చోబోతే, వాళ్ళ కోచ్ "ముందు రెండు కాళ్ళ మీద కూర్చోవడం నేర్చుకో, తర్వాత చూద్దాం" అన్నారు.

మావాడు పన్నెండేళ్ళ దాకా ఆడిన చిన్న మైదానంలో బేస్‌కీ బేస్‌కీ మధ్య 60 అడుగులు. పిచర్ బంతి వేసి, అది బ్యాటర్ దగ్గరికి చేరేదాకా రన్నర్ బేస్ వదలకూడదని నియమం. దొంగలకి తాళం వేసినట్టే. పదమూడో ఏట పెద్ద మైదానానికి వచ్చారు. అక్కడ బేస్‌ల మధ్య 90 అడుగులు, మేజర్ లీగ్ వాళ్ళు ఆడే కొలతే. హోమ్ నుంచి రెండో బేస్‌కి క్యాచర్ విసరాల్సిన దూరం అంతకుముందు 84 అడుగుల 10 అంగుళాలు ఉండేది, ఇప్పుడు 127 అడుగుల 3 అంగుళాల పైచిలుకు. పిల్లవాడు ఆ ఏడాదిలో పెరిగింది రెండంగుళాలు, మైదానం పెరిగింది ఒకటిన్నర రెట్లు. పైగా ఇక్కడ రన్నర్ ముందే నాలుగడుగులు బయటికి జరిగి నిలబడొచ్చు. తాళం తీసేశారు.

మొదటి ఆరు ఆటల్లో మావాడి మీద 19 దొంగతనాలు జరిగాయి. నేనే నా చేత్తో పుస్తకంలో రాశాను. మావాడు విసిరిన బంతి రెండో బేస్‌కి రెండుసార్లు నేలకి తగులుతూ చేరేది. అప్పటికి రన్నర్ లేచి ప్యాంటు దులుపుకుంటూ ఉండేవాడు. ఆటకి వచ్చిన పెద్దవాళ్ళు గట్టిగా ఏమీ అనరు కానీ, ఆ "అయ్యో" అని నిట్టూర్చడం ఉంటుందే, అది సరిగ్గా క్యాచర్ తల్లి చెవిలోనే పడుతుంది.

మావారికి లెక్కలంటే ఇష్టం. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని ఒక శనివారమంతా కూర్చున్నారు. బంతి క్యాచర్ మిట్‌లో పడిన చప్పుడు దగ్గర్నించి రెండో బేస్ దగ్గరున్న వాడి చేతిలో పడేదాకా పట్టే సమయాన్ని పాప్ టైమ్ అంటారు. మేజర్ లీగ్‌లో అది సుమారు 2 సెకన్లు. మావాడిది 2.7. సరే, తక్కువే. కానీ మావారు ఇంకొకటి కూడా కొలిచారు. పిచర్ కదలడం మొదలుపెట్టాక బంతి క్యాచర్‌కి చేరడానికి పట్టే సమయం. పెద్దవాళ్ళకి అది 1.3, 1.4 సెకన్ల దాకా ఉంటుంది. మా జట్టు పిచర్లకి 1.7 పట్టింది. కాలు అంత ఎత్తుకి లేపి, గాలిలో ఆగి, అప్పుడు వేస్తారు మరి. రన్నర్ పరుగు మొదలుపెట్టేది ఆ కాలు లేచినప్పుడే. అంటే క్యాచర్ చేతికి బంతి వచ్చేసరికే సగం దొంగతనం అయిపోయింది. పుస్తకంలో పడేది మాత్రం క్యాచర్ ఖాతాలో.

ఇది పిల్లల ఆటలోనే కాదు. 2023లో మేజర్ లీగ్ వాళ్ళు బేస్‌లని 15 అంగుళాల నుంచి 18 అంగుళాలకి పెంచారు, పిచర్ రన్నర్‌ని బెదిరించడానికి ఆగే అవకాశాలు తగ్గించారు. 2022లో 2,486 ఉన్న దొంగతనాలు ఒక్క ఏడాదిలో 3,503 అయ్యాయి. క్యాచర్ల చేతులు ఒక్క ఏడాదిలో బలహీనపడిపోతాయా? నియమం మారింది, అంతే.

ఏడో ఆటలో జరిగింది బొటనవేలి సంగతి. మొదటి బేస్ మీద రన్నర్. మావాడు వాడిని ఎలాగైనా పట్టాలని ఆత్రంగా ఉన్నాడు. పిడికిలి విప్పి, బంతి ఎప్పుడు వస్తుందా ఎప్పుడు లాగి విసురుదామా అని వేళ్ళు ముందుకి పెట్టాడు. బ్యాట్ అంచుకి తగిలిన బంతి నేరుగా వచ్చి బొటనవేలికి కొట్టింది. వాడు ఏడవలేదు, కూర్చున్నచోటే ముందుకి వంగిపోయాడు. ఎముక విరగలేదు, కీలు దగ్గర బెణికింది. మూడు వారాలు కట్టు.

ఆ రాత్రి ఇంట్లో చర్చ ఎలా జరిగి ఉంటుందో మీరు ఊహించుకోవచ్చు. మావారు "కుడివైపు దూరంగా నిలబడే స్థానం ఒకటి ఉందిగా, అక్కడ ఆడుకోమను. బంతి రాదు, దెబ్బ తగలదు" అన్నారు. తెనాలి నుంచి ఆరు నెలలకని వచ్చిన అత్తయ్య, "ముఖానికి చిక్కం, గుండెకి కవచం, కాళ్ళకి చిప్పలు, ఇన్ని కట్టుకుని ఆడే ఆట మనకెందుకురా నాన్నా" అన్నారు. అమెరికా వాళ్ళే క్యాచర్ సామగ్రికి సరదాగా పెట్టుకున్న పేరు ఒకటుంది, 'అజ్ఞానపు పనిముట్లు' అని. తెలివైనవాడెవడూ ఆ స్థానానికి వెళ్ళడని వేళాకోళం. కానీ ఆ సామగ్రి కూడా ఒక్కొక్కటే, దెబ్బలు తిన్నాకే వచ్చింది. హార్వర్డ్ కాలేజీ కుర్రాళ్ళు ముఖానికి మాస్క్ వాడటం మొదలుపెట్టింది 1877లో. కాళ్ళకి చిప్పలు 1907లో రోజర్ బ్రెస్నహాన్ కట్టుకొస్తే అందరూ ఎగతాళి చేశారట. వాళ్ళే తర్వాత కట్టుకున్నారు.

నేను "వాడినే అడుగుదాం" అన్నాను. వాడు అన్నం కలుపుకోవడం రాక ఎడమచేత్తో చెంచా పట్టుకుని తింటున్నాడు. తల ఎత్తకుండానే చెప్పాడు.

"నేను మానేస్తే వాడు కింద బంతి వెయ్యడమ్మా."

వాడంటే వాడి స్నేహితుడు, జట్టులో పిచర్. ఎడంచేతి వాటం పిల్లవాడు. వాడికి బాగా వచ్చిన బంతి చేంజప్. వేగంగా వస్తున్నట్టే కనిపించి, ప్లేట్ దగ్గరికి వచ్చేసరికి నెమ్మదించి కిందికి దిగిపోతుంది. బ్యాటర్ గాలిలో కొడతాడు. కానీ కిందికి దిగే బంతి ఒక్కోసారి నేలకి తగిలి ఎటు లేస్తుందో తెలియదు. బేస్‌లు ఖాళీగా ఉంటే క్యాచర్‌ని దాటిపోయినా పెద్ద నష్టం లేదు. మూడో బేస్ మీద రన్నర్ ఉన్నప్పుడు దాటిందంటే పరుగు. ఆ భయంతో పిచర్ బంతిని పైకే వేస్తాడు, పైకి వేస్తే బ్యాటర్ కొట్టేస్తాడు. "వెనకాల నేను ఆపుతానని వాడికి తెలిస్తేనే వేస్తాడు" అన్నాడు మావాడు. పదమూడేళ్ళ వాడి నోట్లోంచి అంత మాట వచ్చాక, ఇంక కుడివైపు దూరంగా నిలబడమని ఎలా చెప్పను?

కోచ్‌తో మాట్లాడితే ఆయన కూడా ఉన్నదున్నట్టు చెప్పారు. "ఈ మూడు వారాలు ఇంకో అబ్బాయి క్యాచింగ్ చేస్తాడు. వాడి చెయ్యి మీవాడి కంటే బలమైనది. మీవాడు తిరిగొచ్చాక చెరో ఆటా ఇస్తాను. ఎవరు ఆ స్థానానికి సరిపోతారో అప్పుడు తేలుద్దాం." అందులో అన్యాయం ఏమీ లేదు. ఏడు ఆటల్లో మావాడి పేరు పక్కన పాస్డ్ బాల్ అని నేను తొమ్మిదిసార్లు రాశాను, దొంగతనాలు సరేసరి.

కట్టు విప్పాక మా గరాజ్ కాస్తా గురుకులం అయింది. మావారు వారంలో మూడు రోజులు ఊళ్ళో ఉండరు కాబట్టి, బంతులు విసిరేది నేనే. గట్టి బంతులు కాదు, టెన్నిస్ బంతులు. కారు బయట పెట్టి, పాత యోగా చాప పరిచి, వాడి ముందు పది అడుగుల దూరంలో నిలబడి నేలకి కొట్టి విసరడం. కోచ్ రాసిచ్చిన కాగితం గోడకి అంటించుకున్నాం.

అందులో మొదటి వాక్యం: నేలకి తగిలే బంతిని పట్టుకోవడానికి ప్రయత్నించకు. నాకు ఇది వింతగా అనిపించింది. క్యాచర్ అంటేనే పట్టేవాడు కదా. కానీ సంగతేమిటంటే, పట్టుకోబోతే మిట్ పైకి లేస్తుంది, దాని కింద నుంచి బంతి జారిపోతుంది. రన్నర్ ఉన్నప్పుడు అడ్డుపడటమే పని. ముందు మిట్ నేలకి వెళ్ళాలి, రెండు మోకాళ్ళ మధ్య సందు మూసేయాలి. మిట్ వెనకాలే మోకాళ్ళు దిగాలి. కుడి చెయ్యి మిట్ వెనక దాక్కోవాలి. భుజాలు ముందుకి గుండ్రంగా వంచి, గడ్డం గుండెకి ఆనించాలి. ఆ క్షణంలో ఊపిరి వదిలెయ్యాలి. ఊపిరి బిగబట్టి ఛాతీ ముందుకి చాపితే బంతి గోడకి కొట్టినట్టు ఎగిరి ఇరవై అడుగులు పోతుంది. ఊపిరి వదిలి మెత్తగా ఉంటే, పరుపు మీద పడ్డట్టు ఎదురుగానే పడి ఆగుతుంది. ఎదురుగా రెండడుగుల్లో ఉన్న బంతిని చూసి ఏ రన్నరూ పరిగెత్తడు.

పక్కకి వచ్చే బంతికైతే అటువైపు దూకి, శరీరాన్ని ప్లేట్ వైపు కాస్త తిప్పాలి. అప్పుడు తగిలిన బంతి బయటికి పోకుండా మైదానంలోకే పడుతుంది.

అన్నిటికంటే కష్టమైనది తల తిప్పకపోవడం. ముఖం మీదకి ఏదైనా వస్తే మొహం పక్కకి తిప్పుకోవడం ఎవరికైనా సహజమే. కానీ మాస్క్ కాపాడేది ఎదుటి నుంచి వచ్చే దెబ్బని. తల తిప్పితే మెడా చెవి పక్కా బయటపడతాయి. అంటే భయపడి తిప్పుకుంటేనే దెబ్బ తగిలేది. ఇది చెప్తే అర్థం కాదు, రోజుకి యాభై బంతులు ఛాతీకి తగిలితే ఒంటికి అర్థమవుతుంది. మొదటి వారం మావాడు పదింటికి ఆరుసార్లు తల తిప్పాడు. మూడో వారానికి ఒకటో రెండో.

విసరడం సంగతి కూడా కాగితంలో ఉంది. రన్నర్‌ని చూడకు, బేస్‌ని చూడు. మిట్‌ని బంతితో సహా కుడి చెవి దగ్గరికి తీసుకెళ్ళు, బంతి అక్కడ చెయ్యి మారాలి. వేళ్ళు కుట్టుకి అడ్డంగా పడాలి, అప్పుడే బంతి తిన్నగా వెళ్తుంది. కుడి పాదం కొంచెం ముందుకి, ఎడమ పాదం రెండో బేస్ వైపు, అంతే, అడుగులు లెక్కపెట్టుకుంటూ ఉండకూడదు. ఎత్తుగా విసిరి అవతలివాడి తల మీద నుంచి పోనివ్వడం కంటే, ఒకసారి నేలకి తగిలినా తిన్నగా వెళ్ళడం మేలు. పిచర్ స్నేహితుడు కూడా తన వంతుగా కాలు ఎత్తడం తగ్గించాడు. వాడి 1.7 కాస్తా 1.4 అయింది, మావాడి 2.7 తగ్గి 2.5 అయింది. ఇద్దరూ కలిసి తగ్గించుకున్నది అర సెకను. ఆ అర సెకనులో రన్నర్ ఇంచుమించు రెండంగల దూరం వెనకబడతాడు.

ఇక నా పుస్తకం. బంతి దాటిపోయి రన్నర్ ముందుకి వెళ్తే స్కోరు రాసేవాళ్ళు ఒకటి తేల్చాలి. బంతి ముందే నేలకి తగిలి వస్తే అది వైల్డ్ పిచ్, పిచర్ ఖాతా. మామూలుగా పట్టుకోగలిగిన బంతి జారిపోతే పాస్డ్ బాల్, క్యాచర్ ఖాతా. రన్నర్ కదలకపోతే రెండూ రాయరు. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ నేలకి తగిలి అడ్డదిడ్డంగా లేచిన బంతిని క్యాచర్ ఛాతీతో ఆపి, రన్నర్‌ని ఉన్నచోటే ఉంచితే? దానికి పుస్తకంలో గడి లేదు. ఏమీ జరగలేదు కాబట్టి ఏమీ రాయరు.

మావాడు తిరిగొచ్చిన మొదటి ఆటలో నాకు చెయ్యి ఊరుకోలేదు. బేస్ మీద రన్నర్ ఉండగా నేలబంతి ఆపిన ప్రతిసారీ పేజీ అంచున పెన్సిల్‌తో ఒక చుక్క పెట్టాను. రెండో ఆట ఇంకో అబ్బాయిది. వాడికీ పెట్టాను. ఎవరి పిల్లవాడైనా చుక్క చుక్కే. మావాడికి మొదటి ఆటలో పదకొండు, ఆ అబ్బాయికి రెండో ఆటలో నాలుగు. కానీ ఆ అబ్బాయి దొంగల్ని ముగ్గుర్ని పట్టాడు, మావాడు ఒక్కడిని.

పక్కన కూర్చున్న అత్తయ్య "ఆ చుక్కలేమిటమ్మా, ముగ్గు వేస్తావా" అని అడిగారు. చెప్పాను. ఆవిడ కాసేపు ఆట చూసి, "నిజమేనే. పాలు పొంగితే ఇంటిల్లిపాదీ వచ్చి చూస్తారు. పొంగకముందే దించిన రోజు ఎవరూ రారు" అన్నారు. అప్పటినించి చుక్కల లెక్క ఆవిడదే. బంతి మావాడి ఛాతీకి తగిలినప్పుడల్లా "ఒకటి పెట్టు" అని నా మోచేతిని పొడిచేవారు. అవతలి జట్టు క్యాచర్ ఆపినా "పాపం వాడిక్కూడా పెట్టు" అనేవారు.

ఒకసారి మావాడు బంతి చేతిలో ఉంచుకుని కూడా విసరకపోతే ఆవిడకి కోపం వచ్చింది. మొదటి బేస్ మీద ఒకడు, మూడో బేస్ మీద ఒకడు ఉన్నారు. మొదటివాడు నింపాదిగా రెండో బేస్‌కి బయల్దేరాడు. అది ఎర. క్యాచర్ అటు విసిరాడో, బంతి అంత దూరం వెళ్ళి తిరిగొచ్చేలోపు మూడో బేస్ వాడు హోమ్‌కి దూకుతాడు. మావాడు విసిరినట్టు చెయ్యి ఊపి, ఆగి, మూడో బేస్ వైపు చూశాడు. అక్కడివాడు నాలుగడుగులు ముందుకి వచ్చినవాడల్లా వెనక్కి పరిగెత్తాడు. పుస్తకంలో దొంగతనం ఒకటి పడింది. పరుగు మాత్రం పడలేదు. "పోనిచ్చిందేది, కాపాడిందేది అని చూసుకోవాలి అత్తయ్యా" అంటే, "మా మావగారు పొలం పంచేటప్పుడు ఇలాగే చేశారు" అని ఎక్కడికో వెళ్ళిపోయారు.

నాలుగు ఆటలయ్యాక కోచ్ పుస్తకం అడిగారు. అంచున ఉన్న చుక్కలు చూసి ఏమిటని ఆయనా అడిగారు. రెండు పేర్ల పక్కా లెక్కపెట్టుకున్నారు. ఆయన తేల్చింది ఏమిటంటే, వేగంగా పైకి వేసే పిచర్లకి చెయ్యి బలమున్న ఆ అబ్బాయి, కింద బంతి వేసే పిచర్లకి మావాడు. ఎవరినీ తీసెయ్యలేదు. ఆ అబ్బాయి వాళ్ళమ్మ, నేను ఇద్దరం ఆ రోజు నెమ్మదిగా ఊపిరి పీల్చుకున్నాం.

మే నెలలో ఒక శనివారం ఆట. ఫైనల్ కాదు, ఏమీ కాదు. డాలస్ ఎండ సంగతి తెలిసిందే, ఆ కవచాల్లో పిల్లవాడు ఆవిరికుడుములా ఉడికిపోతున్నాడు. ఆఖరి ఇన్నింగ్స్, మేము ఒక్క పరుగు ముందున్నాం. రెండు అవుట్లు అయ్యాయి. మూడో బేస్ మీద రన్నర్. పిచర్ ఆ ఎడంచేతి వాటం పిల్లవాడే. మావాడు రెండు కాళ్ళ మధ్య నాలుగు వేళ్ళు కిందికి చూపించి ఆడించాడు. అది చేంజప్ సైగ. పిచర్ ఒక్క క్షణం ఆగాడు. మావాడు మిట్‌తో తన ఛాతీ మీద రెండుసార్లు కొట్టుకున్నాడు. అంటే, వెయ్యి, నేనున్నాను.

మొదటిది నేలకి తగిలి ఎడమవైపు లేచింది. ఆగింది. అత్తయ్య పొడిచారు, చుక్క పెట్టాను. తర్వాత రెండు స్ట్రైకులయ్యాయి. మళ్ళీ నాలుగు వేళ్ళు. బ్యాటర్ గాలిలో కొట్టాడు, మూడో స్ట్రైక్. కానీ బంతి ముందే నేలకి తగిలింది. ఇక్కడ ఒక నియమం ఉంది. మూడో స్ట్రైక్ బంతిని క్యాచర్ నేలకి తగలకుండా పట్టకపోతే, రెండు అవుట్లు ఉన్నప్పుడు బ్యాటర్ ఇంకా అవుట్ కానట్టే, మొదటి బేస్‌కి పరిగెత్తొచ్చు. వాడు పరిగెత్తాడు. మూడో బేస్ వాడు హోమ్‌కి దూకాడు. బంతి మావాడి ఛాతీకి తగిలి అడుగున్నర దూరంలో పడి ఉంది. వాడు రెండు చేతులతో ఎత్తుకుని మొదటి బేస్‌కి విసిరాడు. అవుట్.

పుస్తకంలో దాన్ని 2-3 అని రాస్తారు. క్యాచర్ అంకె 2, మొదటి బేస్ వాడి అంకె 3. అది రాశాక అంచున చుక్క కూడా పెట్టాను. పిచర్ పిల్లవాడు నడుచుకుంటూ వచ్చి మావాడి మాస్క్ మీద చేత్తో తట్టి వెళ్ళాడు. వాళ్ళ మధ్య మాటలేమీ జరగలేదు. కారెక్కాక వాడు అడిగిన మొదటి మాట "నానమ్మా, పులిహోర ఉందా" అని.

మీ ఇంట్లో పిల్లలెవరైనా క్యాచర్ అవుతానంటే కొన్ని మాటలు. మగపిల్లవాడైతే లోపల వేసుకునే కప్ గార్డ్ లేకుండా గరాజ్‌లో కూడా కూర్చోనివ్వకండి. బొటనవేలు లోపల పెట్టాడో లేదో సైగ చేసి అడగండి. ఎండలో ప్రతి ఇన్నింగ్స్‌కీ నీళ్ళు పట్టించండి. దొంగతనం జరిగినప్పుడు క్యాచర్ వైపే కాకుండా పిచర్ కాలి వైపు కూడా ఒకసారి చూడండి. "వదలకు, వదలకు" అని అరవకండి, ఎదురుగా పడేస్తే చాలని వాడికి తెలిస్తే తల తిప్పడు.

ఇక మోకాళ్ళ దగ్గర ఎర్రమట్టి పట్టిన తెల్ల ప్యాంట్లు. తడి మీద రుద్దితే మరక ఇంకా లోపలికి వెళ్తుంది. పూర్తిగా ఆరనిచ్చి, బ్రష్‌తో పొడి మట్టి దులిపి, అప్పుడు సబ్బు నీళ్ళలో రాత్రంతా నానబెట్టండి. పొద్దున్నే చన్నీళ్ళతో ఉతకండి. మరక పూర్తిగా పోయేదాకా డ్రయర్‌లో వెయ్యకండి, వేడి తగిలితే అది ఇంక పోదు.